పదిహేడో స్తంభం

అమ్మ బండి పదిహేడో స్తంభం కింద.
అంకె ఎవరూ వేయలేదు. అవియాసియోన్ వీధి మలుపు నుంచి
మొదటిరోజు అమ్మే లెక్కపెట్టుకుంది,
మర్నాడు చోటు మరిచిపోకుండా.

అప్పటికి స్తంభాల మీద ఏమీ లేదు.
నెత్తిన ఇనుపచువ్వలు, దువ్వని జుట్టులా.
రైలొస్తుందన్నారు.
నా పాలపళ్లు ఊడుతున్నప్పుడు అన్నారు,
తమ్ముడు తెయోఫిలో మొదటిసారి మీసం గీసుకుని
పెదవి కోసుకున్న ఏడు కూడా అన్నారు.
ఈలోగా స్తంభాలు వేరే పనుల్లో కుదురుకున్నాయి.
ఒకదాని మీద ఓడిపోయినవాడి ఎన్నికల గుర్తు,
ఒకదాని మీద తప్పిపోయిన కుక్క బొమ్మ,
పద్నాలుగోదాని చాటున ముద్దులు.
పదిహేడోదానికి మా అమ్మ వీపు.

లీమాలో వాన పడదు, పడ్డట్టు నటిస్తుంది.
చలికాలమంతా ఆకాశం
పిండకుండా ఆరేసిన తడిగుడ్డ.
ఆ చెమ్మలో, ఇంకా తెల్లారకుండానే,
బార్లీ, అవిసెగింజలు, పేరు తెలియని కొండగడ్డి
జిగురుగా ఉడుకుతుండేవి.
ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి బారెడు తీగ సాగదీసి
అమ్మ ఎమొలియెంతే పోస్తుంటే
బస్సు కండక్టర్లు అరుపు మధ్యలో ఆపి
నోరు కాల్చుకునేవాళ్లు.

చివరికి వచ్చింది రైలు.
మేముండేది ఊరి చివర, వీయా ఎల్ సాల్వడోర్‌లో,
తాతలు ఎడారిలో చాపలు పాతి గోడలనుకున్న చోట.
మొదటి వారం పెట్టెల్లో ఇసుకేస్తే రాలని జనం.
మా బూట్లలోంచి మాత్రం రాలింది,
అద్దంలాంటి ఆ నేల మీద.
చీపురు పట్టుకున్న కుర్రాడు చూశాడు,
ఏమీ అనలేదు. వాడి బూట్లలోనూ ఉంది.

రెండు గంటల దారి ముప్పావుగంటయింది.
అమ్మ బేరాలు నెత్తిమీదుగా వెళ్లిపోయాయి.
"పైన పోయేవాళ్లకి దాహం వెయ్యదు కాబోలు"
అని, పాత్ర ఒక సైజు తగ్గించింది.

నేను గమార్రాలో కాజాలు కుడతాను,
రోజుకి మూడొందల చొక్కాలు.
రోజూ అమ్మ మీదుగానే పోతాను.
రైల్లోంచి అన్నీ కనపడతాయి:
మేడల మీద కోళ్లు, నీళ్ల పీపాలు, ఎవరిదో పెళ్లిగౌను తీగ మీద,
పై అంతస్తు ఎప్పటికైనా వేస్తామని వదిలేసిన చువ్వలు.
స్తంభాలు కనపడవు.
మోసేది కనపడకుండా కట్టారు.

ఒక ఆదివారం బలవంతాన ఎక్కించాను.
కార్డు తిరగేసి పెట్టింది, తలుపు తెరుచుకోలేదు,
వెనక జనం నిట్టూర్చారు.
ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నట్టు అంచున కూర్చుంది.
"మనది వచ్చిందా?" అని అడిగింది.
చెప్పలేకపోయాను. అప్పటికే దాటేశాం.
ప్రెస్బీతెరో మాయెస్త్రో దగ్గర
కిటికీ నిండా శ్మశానం, గూళ్లు గూళ్లుగా.
"ఇంత తొందరగా తీసుకొచ్చారేమే!" అంది.
ఎదుటి సీటు ముసలాయన కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు.

తిరుగుదారిలో కళ్లు మూసుకుంది.
నిద్రపోయిందనుకున్నాను.
ఉన్నట్టుండి మడమతో రెండుసార్లు నేలని తన్ని
"ఇదే" అంది.
ఎలా తెలుసమ్మా?
"ఇక్కడ రెండుసార్లు దగ్గుతుందే.
అక్కడ అతుకు సరిగ్గా పడలేదు. ఎన్నాళ్లనుంచో
నా వీపు వింటోంది."

సోమవారం, ఎవరి భుజం కిందో మెడ వంచుకుని
నిలబడ్డాను. రైలు దగ్గింది, ఒకటి, రెండు.
మడమ నొక్కాను.
పక్కావిడ కాలనుకుని
పొరపాటున ఆవిడ కాలే తొక్కాను.

సాయంత్రం దిగి, అడిగాను, వినపడిందా అని.
"పొద్దుట్నుంచి ఎన్ని రైళ్లు పోతాయో తెలుసా,
ఎవరి కాలు ఏదని వినను?"
గ్లాసు మాత్రం పోసే ఉంచింది,
మీద రేకు మూత, మూత మీద తడి.
చేతిలో పెట్టి, డబ్బులడిగింది.
చిల్లర లేదన్నా వదల్లేదు.